కార్నియా మార్పిడి అయిన కంటికి ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడం ఎలా?

ఆపరేషన్ అయినవాళ్లూ, వాళ్లను ఇంట్లో చూసుకునేవాళ్లూ ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. కొత్త కార్నియాకు, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరకు, స్పర్శ సరిగా తెలియదు. ఆపరేషన్‌లో నరాలు తెగిపోతాయి, అవి మళ్లీ పెరగడానికి నెలలు, ఏళ్లు పడుతుంది, కొందరికి పూర్తిగా రానే రావు. మామూలుగా కంట్లో నలుసు పడితేనే విలవిల్లాడే మనిషి, ఈ కంట్లో పుండు పడుతున్నా ఏమీ తెలియకుండా తిరుగుతూ ఉండొచ్చు. అందుకే నొప్పి వచ్చాక వెళ్దాంలే అనుకోవద్దు.

మా అమ్మకు 16 కుట్లు వేశారు. ఆపరేషన్ అయిన ఏడో నెలలో ఒక రోజు పొద్దున చుక్కలు వేయబోతూ టార్చ్ లైట్‌తో చూస్తే, నల్లగుడ్డు అంచున సన్నటి పోగులా పుసి అతుక్కుని ఉంది, రెప్ప ఆర్పినా కదలడం లేదు. నొప్పి లేదు, చూపూ తగ్గలేదు, "ఏం కాలేదులే" అంది అమ్మ. అయినా ఆ రోజే తీసుకెళ్లాం. కుట్టు వదులైంది, దాని చుట్టూ ఇన్ఫెక్షన్ మొదలవుతోంది అని కుట్టు తీసేసి యాంటీబయాటిక్ చుక్కలు రాశారు.

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ కన్నేసి ఉంచాల్సింది కుట్ల మీదే. వెంట్రుక కంటే సన్నటి నైలాన్ దారం అది, ఏడాది, ఆపైన కూడా కంట్లోనే ఉంటుంది. బిగుతుగా లోపలికి పూడుకుని ఉన్నంతకాలం ఫర్వాలేదు, వదులైనా తెగినా కొస పైకి లేచి పుసిని పట్టుకుంటుంది, ఆ సందులోంచి సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. దారం కనిపించినా మీరు లాగొద్దు. లోపలి పొర మాత్రమే మార్చిన ఆపరేషన్ అయితే కుట్లు తక్కువ కాబట్టి ఈ బెడద కూడా తక్కువే.

ఇక స్టెరాయిడ్ చుక్కలు. రిజెక్షన్, అంటే కొత్త కార్నియాను ఒళ్లు పరాయిదనుకుని దాడి చేయడం, రాకుండా కాపాడేవి అవే, కానీ కంటి రోగనిరోధక శక్తిని తగ్గించేవీ అవే, పైగా ఇన్ఫెక్షన్ ఉన్నా కన్ను పెద్దగా ఎర్రబడకుండా కప్పిపెడతాయి. అలాగని భయపడి మానేస్తే కార్నియానే పోవచ్చు. దీనికి ఉల్టా తప్పు ఇంకొకటి చాలామంది చేస్తారు, కన్ను ఎర్రబడగానే రిజెక్షన్ అనుకుని పాత సీసా తీసి సొంతంగా రెండింతలు వేసేస్తారు. పైకి చూస్తే రిజెక్షన్, ఇన్ఫెక్షన్ రెండూ ఒకేలా ఉంటాయి, రిజెక్షన్‌కు స్టెరాయిడ్ పెంచాలి, ఇన్ఫెక్షన్‌కు అదే పెంచితే పుండు ముదిరిపోతుంది. మైక్రోస్కోప్ కింద చూసి డాక్టరే తేల్చాలి.

కన్ను బాగా పొడిబారడం, రెప్ప అంచున చుండ్రులా పొట్టు, లోపలికి తిరిగి గుచ్చుకునే వెంట్రుకలు, కన్నీటి నాళం మూసుకుపోవడం, అదుపులో లేని షుగర్, ఇంతకుముందు ఆ కంటికి హెర్పిస్ అనే వైరస్ జబ్బు వచ్చి ఉండటం, ఇవన్నీ ముప్పు పెంచేవే. వీలైతే ఆపరేషన్‌కు ముందే చెప్పండి. ఇంకో సంగతి, మనిషి నిద్రపోయాక రెప్పలు పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో పక్కవాళ్లే చూడాలి, ఆ విషయం నిద్రపోయే మనిషికి తెలిసే అవకాశం లేదు. సందు ఉంటే రాత్రంతా కార్నియా ఎండిపోతుంది.

చుక్కలు వేసే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. కింది రెప్పను కొంచెం లాగి ఆ సంచిలో ఒక్క చుక్క, సీసా మూతి వెంట్రుకలకు కూడా తగలకూడదు. రెండు రకాల మందుల మధ్య అయిదు నిమిషాలు ఆగండి. మూత తీసిన తేదీ సీసా మీద రాసుకుని, చీటీలో చెప్పిన గడువు దాటితే పారేయండి. కుళాయి నీళ్లు కంట్లో చల్లుకోవడం, ఈత, కన్ను నలుపుకోవడం వద్దు. కట్టులా పనిచేసే లెన్స్ పెట్టి ఉంటే మరీ జాగ్రత్త, అది జారిపోతే మళ్లీ పెట్టేసుకోవద్దు.

ఎరుపు, వెలుగు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నొప్పి, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, పుసి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటి దాకా ఆగకండి, ఆ రోజే వెళ్లండి. వాడుతున్న సీసాలన్నీ సంచిలో వేసుకుని, కౌంటర్ దగ్గరే "కార్నియా మార్చిన కన్ను, స్టెరాయిడ్ వాడుతున్నాం" అని చెప్పండి, మామూలు కళ్లకలక అనుకుని వరసలో కూర్చోబెట్టకుండా ఉంటారు.