ఉద్యోగం చేస్తూనే క్యాట్‌కి ప్రిపేర్ అవ్వడం ఎలా?

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి వైపు ఉంటూ పేపర్ మిల్లులోనో అల్యూమినా ప్లాంటులోనో బ్యాంకులోనో పనిచేస్తూ, ఎప్పటికైనా క్యాట్ అనే ఎంట్రన్స్ రాసి ఒక మంచి ఐఐఎంలో ఎంబీఏ చేయాలి అనుకునే మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఇబ్బంది ఏంటంటే నెట్‌లో దొరికే టైమ్‌టేబుళ్లన్నీ పొద్దస్తమానం ఖాళీగా ఉండే స్టూడెంట్ల కోసం రాసినవి. షిఫ్టులు చేసేవాళ్లకి అవి పనికిరావు. మీ ప్లాన్‌ని మీ షిఫ్ట్ రోస్టర్ పక్కన పెట్టుకుని వేసుకోండి.

ముందు పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. క్యాట్ మామూలుగా నవంబరు చివరి ఆదివారం జరుగుతుంది. మొత్తం రెండు గంటలు. ఇంగ్లీషు, డేటా-లాజిక్, మ్యాథ్స్ అని మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 40 నిమిషాలు, ఒకదాంట్లో మిగిలిన టైమ్ ఇంకోదానికి వాడుకోవడం కుదరదు. 2024లో మొత్తం 68 ప్రశ్నలు ఇచ్చారు. సరైన జవాబుకి 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్న తప్పైతే ఒక మార్కు కోత, ఆప్షన్లు లేకుండా టైప్ చేసేదైతే కోత లేదు. అన్నీ చేసేయాలనే టెన్షన్ ఇప్పుడే వదిలేయండి, ఈమధ్య సంవత్సరాల్లో సగం మార్కులు తెచ్చుకున్నా చాలా మంచి పర్సంటైలే (రాసినవాళ్లలో ఎంత శాతం మంది మీ వెనక ఉన్నారో చెప్పే అంకె) వచ్చింది. డిగ్రీలో 50 శాతం ఉంటే రాయొచ్చు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 45 చాలు.

ఇప్పుడు అసలు సంగతి, టైమ్. ఫిబ్రవరి, మార్చిలో మొదలుపెడితే తొందరపడాల్సిన పని ఉండదు (బ్యాంకు వాళ్లయితే మార్చి క్లోజింగ్ అయ్యాకే మొదలుపెట్టండి, ఆ నెలలో పుస్తకం తెరిచినా ఏమీ ఎక్కదు). రోస్టర్ చేతికి రాగానే వారాల్ని మూడు రకాలుగా విడగొట్టుకోండి. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లే బి షిఫ్ట్ వారం మీకు బంగారం, ఎందుకంటే పొద్దున్న బుర్ర తాజాగా ఉంటుంది, కాబట్టి కొత్త టాపిక్‌లన్నీ ఆ వారానికే దాచుకోవాలి. పొద్దున్న షిఫ్ట్ వారంలో ఇంటికొచ్చి, తిని, ఒక గంట పడుకుని లేచాకే కూర్చోండి, నిద్ర ఆపుకుంటూ లెక్కలు చేస్తే చేసిన తప్పే మళ్లీ మళ్లీ చేస్తారు. నైట్ షిఫ్ట్ వారంలో కొత్తది ఏదీ ముట్టుకోవద్దు. రోజుకి రెండు ప్యాసేజీలు చదివి, పాత లెక్కలు ఓసారి తిరగేస్తే చాలు. ఆ వారం వెనకబడ్డామని దిగులు పడక్కర్లేదు, ముందే అలా అనుకున్న వారం అది. రిపేర్ల కోసం ప్లాంటు షట్‌డౌన్ చేసి, పని ఎక్కువగా ఉండే రోజులు కూడా ఇందులోకే వేసేయండి. జనరల్ షిఫ్ట్ వాళ్లకి ఇంత గొడవ లేదు, ఆఫీసుకి వెళ్లే ముందు గంటన్నర, ఆదివారం సగం రోజు పెట్టుకుంటే సరిపోతుంది.

ఆఫీసులో అందరికీ చెప్పాల్సిన పని లేదు. షిఫ్ట్ మార్చుకోవడానికి సాయం చేసే ఒక్క మనిషికి చెబితే చాలు. మిగతావాళ్లకి తెలిస్తే రోజూ ఎంతవరకు వచ్చింది అని అడుగుతూనే ఉంటారు.

మ్యాథ్స్‌లో శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు, కాలం-పని, వేగం-దూరం ముందు పూర్తిచేయండి, తర్వాత ఆల్జీబ్రా. ఎక్కువ ప్రశ్నలు వీటినుంచే వస్తాయి, జామెట్రీ చివర్లో చూసుకోవచ్చు. డేటా-లాజిక్‌లో నాలుగైదు సెట్లు (ఒకే సమాచారం మీద కొన్ని ప్రశ్నలు) ఇస్తారు, వాటిలో మీకు లొంగేవి రెండు మూడు ఏరుకోవడమే అసలు పని. అందుకే ప్రాక్టీసులో కూడా మొదటి ఐదు నిమిషాలు అన్ని సెట్లూ చదివి, ఏది వదిలేయాలో నిర్ణయించుకోవడం అలవాటు చేసుకోండి.

మనవైపు పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆ తర్వాతెప్పుడో ఇంగ్లీషు చదివినవాళ్లు. అందుకని రీడింగ్ అంటే భయం. దినపత్రిక ఎడిటోరియల్ రోజూ చదవమని అందరూ చెబుతారు గానీ, నా లెక్కలో అదొక్కటే చాలదు. క్యాట్‌లో వచ్చే ప్యాసేజీలు తత్వశాస్త్రం, మానవశాస్త్రం, పర్యావరణం, కళల మీద ఉంటాయి, వాక్యాలు పొడుగ్గా మెలికలు తిరిగి ఉంటాయి. పాత క్యాట్ పేపర్లలోని ప్యాసేజీలే తీసుకుని, ఒక్కో పేరా చదివాక రచయిత ఏమంటున్నాడో ఒక్క ముక్కలో తెలుగులోనే రాసుకోండి. అలా రాయలేకపోతే ఆ పేరా అర్థం కాలేదన్నమాట.

జులై నుంచి మాక్ టెస్టులు, అంటే అసలు పరీక్షలాగే రాసే ప్రాక్టీసు పరీక్షలు. రెండు గంటల మాక్ రాస్తే, దాన్ని విప్పి చూసుకోవడానికి అంతకు రెట్టింపు టైమ్ పెట్టండి. తెలిసీ తప్పు చేసినవి, టైమ్ చాలక వదిలేసినవి, అసలు ముట్టుకోకూడనివి విడివిడిగా రాసుకోండి. వరసగా మాక్‌లు రాసి స్కోరు చూసి బాధపడటం వల్ల ఒరిగేదేం లేదు. పరీక్ష పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం మూడు స్లాట్లలో జరుగుతుంది, ఏది వస్తుందో మన చేతిలో ఉండదు కాబట్టి మాక్‌లు కూడా మార్చి మార్చి రాయండి.

అక్టోబరు, నవంబరు మన దగ్గర తుఫాన్ల కాలం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. సరిగ్గా మాక్‌లు జోరుగా రాయాల్సిన రోజులు. కరెంటు, నెట్ పోతే ఖాళీగా కూర్చోకుండా సెప్టెంబరులోనే పాత పేపర్లు, నోట్సు ప్రింటు తీసి పెట్టుకోండి.

అప్లికేషన్ ఆగస్టు, సెప్టెంబరులో ఉంటుంది. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ఓబీసీ రిజర్వేషన్‌కి చూసేది కేంద్రం లిస్టు, అది రాష్ట్రాలవారీగా ఉంటుంది. శ్రీకాకుళంలో ఉన్న మేనమామకి ఓబీసీ ఉందని ఒడిశాలో ఉన్న మీకూ ఉంటుందని లేదు. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే ఎస్ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతుల) లిస్టు కూడా వేరే. కేంద్రం లిస్టులో ఒడిశా కింద మీ కులం ఉందో లేదో చూసుకుని, ఉంటే తహసీల్దారు ఆఫీసులో సెంట్రల్ ఫార్మాట్ సర్టిఫికెట్ కోసం ముందే అప్లై చేయండి, చివరి వారంలో పరుగులు పెట్టొద్దు. సెంటర్ కోసం ఊళ్లు ఎంచుకునేటప్పుడు రాయగడ, కోరాపుట్ వాళ్లకి రైలు సౌకర్యాన్ని బట్టి విశాఖపట్నమే నయం, బరంపురం వైపు వాళ్లకి ఆ ఏడాది లిస్టులో బరంపురం లేకపోతే భువనేశ్వర్. శనివారానికి, సోమవారానికి సెలవు ముందే పెట్టేయండి.

నాలుగైదేళ్లు దాటి పనిచేసినవాళ్లు జీమ్యాట్ అనే ఇంకో ఎంట్రన్స్ కూడా ఆలోచించొచ్చు. ఐఐఎం అహ్మదాబాద్‌లాంటి చోట్ల ఉన్న ఏడాది కోర్సులకి అది పనికొస్తుంది, స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. క్యాట్ స్కోరైతే ఆ ఏడాదికే. క్యాట్ అయిపోయాక పుస్తకాలు కట్టేయకుండా ఎక్స్ఏటీ అనే మరో ఎంబీఏ ఎంట్రన్స్ కూడా రాయండి, అది జనవరి మొదట్లో ఉంటుంది, భువనేశ్వర్‌లోని ఎక్స్ఐఎం అనే మేనేజ్‌మెంట్ కాలేజీకి ఆ స్కోరు తీసుకుంటారు.