ఘాటైన సిగార్ కాల్చడం ఎలా?

రోజూ సిగరెట్ కాల్చేవాళ్లకు కూడా ఘాటైన సిగార్ సగానికొచ్చేసరికి చెమటలు పట్టి కళ్లు తిరగడం మామూలే. చాలావరకు దానికి కారణం తొందర. గోదావరి లంక పొగాకు చుట్టకు అలవాటుపడినవాళ్లకు ఘాటు కొత్త కాదు గానీ, వాళ్లయినా దమ్ము మీద దమ్ము లాగితే సిగార్ వేడెక్కి చేదవుతుంది.

క్యూబా వాళ్ల పార్టగాస్ సిరీ డి నంబర్ 4ని ఉదాహరణగా తీసుకుందాం. ఘాటు సిగార్లలో పేరున్నది. పొడవు 124 మిల్లీమీటర్లు, లావు 50 రింగ్ గేజ్. అంగుళంలో 64వ వంతు ఒక గేజ్, కాబట్టి 50 అంటే దాదాపు 2 సెంటీమీటర్లు. నిదానంగా కాలిస్తే ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. అంత తీరిక లేని రోజున ముట్టించకపోవడమే మంచిది. నికరాగ్వాలోని ఎస్తెలీ నుంచి వచ్చే ఘాటు రకాలకూ ఇదే పద్ధతి.

కొనేటప్పుడు

పై ఆకు నల్లగా ఉంటే ఘాటు ఎక్కువని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మడూరో అనే నల్లటి ఆకుకు ఆ రంగు ఎక్కువగా పులియబెట్టడం వల్ల వస్తుంది, రుచిలో కాస్త తీపి కూడా ఉంటుంది. ఘాటును ముఖ్యంగా తేల్చేది లోపలున్న లిహేరో ఆకు. మొక్క పైభాగాన ఎండ బాగా తగిలి పెరుగుతుంది కనుక దళసరిగా, జిడ్డుగా ఉంటుంది, నెమ్మదిగా కాలుతుంది. అందుకే చుట్టేవాళ్లు దాన్ని నడిమధ్యన పెట్టి, చుట్టూ తేలిగ్గా కాలే సెకో, వోలాడో ఆకులు సర్దుతారు.

వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. కొద్దిగా లొంగి మళ్లీ నిలదొక్కుకుంటే బాగున్నట్టు. కరకరలాడితే ఎండిపోయింది, మెత్తగా దిగబడితే తేమ ఎక్కువైంది. సూదితో గుచ్చినట్టు చిన్న రంధ్రాలుంటే లోపల పురుగు పడింది, వదిలేయండి. ఇంట్లో దాచేటప్పుడు తేమ 65–69 శాతం, వేడి 16–21 డిగ్రీలు ఉండాలి. గాలి చొరబడని డబ్బాలో తేమను నిలిపే పొట్లం ఒకటి వేస్తే చాలు. ఫ్రిజ్‌లో పెడితే ఎండిపోతుంది. హైదరాబాద్ వేసవిలో బయట వదిలేసినా అంతే.

ముట్టించే ముందు

కడుపు నిండా తిని అరగంట ఆగండి. ఖాళీ కడుపుతో ఘాటైన సిగార్ అసలు వద్దు. ఆవకాయ మంట నోట్లో ఉండగా ముట్టిస్తే రుచి ఏమీ తెలియదు. పక్కన మంచినీళ్లు, ఒక బెల్లం ముక్క పెట్టుకోండి, బెల్లం దేనికో కింద చెప్తాం. తోడుగా పాలు లేని కాఫీ బాగుంటుంది.

నోట్లో పెట్టుకునే కొసను తల అంటారు, అక్కడ టోపీలా అతికించిన చిన్న ఆకు ముక్క ఉంటుంది. దాని అంచు గీతకు పైనే, కొస నుంచి 2 మిల్లీమీటర్లు మాత్రం పదునైన కట్టర్‌తో ఒక్క వేటున కోయాలి. గీత దాటి కోస్తే పై ఆకు ఊడి విప్పుకుపోతుంది. నిప్పు పెట్టకుండానే ఒకసారి లాగి చూడండి. గాలి బిగుసుకుంటే ఇంకొక మిల్లీమీటరు కోయవచ్చు. సిగార్ పేరు రాసి ఉన్న కాగితపు పట్టీని ఇప్పుడే లాగొద్దు. కొంచెం కాలి వేడెక్కాక జిగురు వదులై దానంతటదే జారుతుంది.

ముట్టించడం

పెట్రోలు లైటర్, కొవ్వొత్తి వాసన పొగాకుకు పట్టేస్తాయి. బ్యూటేన్ లైటర్ గానీ పొడవాటి అగ్గిపుల్ల గానీ వాడండి, అగ్గిపుల్లయితే తలలోని మందు కాలిపోయే వరకు ఆగండి. మంటను తగలనివ్వకుండా ఓ సెంటీమీటరు దూరంలో, సిగార్‌ను ఏటవాలుగా పట్టుకుని తిప్పుతూ పాదాన్ని, అంటే ముట్టించే కొసను, వేడి చేయాలి. పావు నిమిషంలో అంచు చుట్టూ ఎర్రబడుతుంది. అప్పుడు నోట్లో పెట్టుకుని, మంట దూరంగా ఉండగానే తిప్పుతూ రెండు మూడు దమ్ములు లాగండి. నిప్పు మీద మెల్లగా ఊదితే కాలని భాగం నల్లగా కనిపిస్తుంది, అక్కడొక్కచోట మళ్లీ మంట చూపించండి.

కాల్చడం

నిమిషానికి ఒక దమ్ము. రెండు మూడు సెకన్లు లాగి, పొగను నోట్లో తిప్పి వదిలేయండి. ఊపిరితిత్తుల్లోకి తీసుకోవద్దు, అవసరం కూడా లేదు. సిగార్ పొగ క్షారగుణంతో ఉంటుంది కనుక నికోటిన్ నోటి పొర గుండానే రక్తంలోకి వెళ్తుంది. ఉమ్మి మింగుతుంటే వెక్కిళ్లు, వికారం మొదలవుతాయి.

మొదటి రెండు సెంటీమీటర్లలో మిరియాల ఘాటు నాలుకను తాకుతుంది. తర్వాత కోకో, తోలు, దేవదారు కలప వాసనలు విడివిడిగా తెలుస్తాయి. అవి బాగా పట్టుబడాలంటే పొగలో పావు వంతు మాత్రం ముక్కు గుండా నెమ్మదిగా వదలండి. మొత్తం వదిలితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. చివరి మూడో వంతులో అంతకుముందు కాలినదంతా పేరుకుని ఘాటు పెరుగుతుంది. అక్కడ దమ్ములు ఒకటిన్నర నిమిషానికొకటి చేయండి. చేదెక్కితే ఒకసారి లోపలికి మెల్లగా ఊది, నిలవ పొగను బయటకు పంపాక లాగండి. నాలుగైదు సెంటీమీటర్లు మిగిలాక వేళ్లకు వేడి తగులుతుంది, అక్కడితో ఆపేయడమే మేలు.

బూడిద రెండు సెంటీమీటర్ల దాకా ఉండనివ్వండి, నిప్పు చల్లగా ఉంటుంది. ఒకవైపు ఎక్కువ కాలుతుంటే వెనకబడిన వైపును కిందికి తిప్పండి, కిందినుంచి గాలి తగిలి సరవుతుంది. లోపల కాలి బయట మిగిలిపోతోందంటే తేమ ఎక్కువైనట్టో, దమ్ములకు మధ్య మరీ ఎడం ఇచ్చినట్టో.

ఒంట్లో తేడా అనిపిస్తే

చల్లటి చెమట, నోట్లో నీళ్లూరడం, కడుపులో తిప్పడం నికోటిన్ ఎక్కువైన గుర్తులు. సిగార్ పక్కన పెట్టి, గాలి తగిలేచోట కూర్చుని, నీళ్లు తాగి బెల్లం నోట్లో వేసుకోండి. చాలామందికి అరగంటలో తగ్గుతుంది. ఛాతీలో నొప్పి వచ్చినా, వాంతులు ఆగకపోయినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి రావొద్దు. పొగ లోపలికి పీల్చకపోయినా నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు ఉంది.

మన దేశంలో బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం 2008 అక్టోబరు 2 నుంచి నిషేధం. ఇంట్లోనైతే పిల్లలు, పెద్దలు లేని మేడ మీద కాల్చుకోండి.

ఆర్పడానికి సిగరెట్‌లా నలపొద్దు, ఘాటు కంపు కొడుతుంది. ఆష్‌ట్రే అంచున ఆనించి వదిలేస్తే కొద్ది నిమిషాల్లో అదే ఆరిపోతుంది. చల్లారాక నీళ్లు చల్లి ఆ పీక చెత్తబుట్టలో వేయండి, రాత్రంతా ఉంటే గదికి పట్టిన వాసన రెండ్రోజులు వదలదు.