ప్రైవేటు బడిలో ఉచిత సీటు: దరఖాస్తు నుంచి క్లాసులో కూర్చునేదాకా ఏం చేయాలి?

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమల్లో ఉంది. అందులోని 12(1)(సి) సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతి సీట్లలో 25 శాతం పేద, బలహీన వర్గాల పిల్లలకు ఫీజు లేకుండా ఇవ్వాలి. యాజమాన్యాలు కోర్టుకెళ్లినా 2012లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను సమర్థించింది. మైనారిటీ విద్యాసంస్థలకు మాత్రం ఇది వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీట్లు నింపడం 2022-23లో గానీ మొదలుకాలేదు. అందుకే చాలామంది తల్లిదండ్రులకు ఇంకా తెలియదు. తెలిసినవాళ్లలోనూ కొందరు "అంత పెద్ద బడిలో మనల్ని రానిస్తారా" అని ఆగిపోతున్నారు. ఆగకండి. ఆ సీటు మీ బిడ్డకు చట్టం ఇచ్చింది, కరస్పాండెంటు గారి దయ అక్కర్లేదు.

ముందు అర్హత

అనాథ పిల్లలు, హెచ్ఐవీ బాధిత పిల్లలు, దివ్యాంగులకు కలిపి 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4 శాతం సీట్లు. మిగిలిన 6 శాతం బీసీ, మైనారిటీ, ఓసీ కుటుంబాల్లోని పేదలకు. వీళ్ల ఏడాది ఆదాయం పల్లెల్లో 1.20 లక్షలు, పట్టణాల్లో 1.44 లక్షల రూపాయలు దాటకూడదు. వయసు విషయానికొస్తే, ఇటీవలి నోటిఫికేషన్లలో రాష్ట్ర సిలబస్ బడులకు జూన్ 1 నాటికి, సీబీఎస్ఈ లాంటి బడులకు ఏప్రిల్ 1 నాటికి ఐదేళ్లు నిండాలని అడిగారు. ఒక్క రోజు తేడాతో సీటు చేజారవచ్చు కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్‌లోని తేదీలు మీరే చూసుకోండి.

కాగితాలు

ఎక్కువమంది ఇబ్బందిపడేది ఇక్కడే. పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు, చిరునామాకు ఏదో ఒక రుజువు (ఓటరు కార్డు, కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం వంటిది), మీ వర్గాన్ని బట్టి కుల లేదా ఆదాయ ధ్రువపత్రం, లేదా వైకల్య సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. అన్నీ పక్కపక్కన పెట్టి పేర్లు చదవండి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంటే గడువు దగ్గరపడ్డాక సరిచేయించడం కష్టం. సంక్రాంతి దాటగానే ఆ పని మొదలుపెట్టండి. వలస వెళ్లి వచ్చిన కుటుంబాలకు పుట్టినతేదీ సర్టిఫికెట్ దొరకకపోవచ్చు. అంతమాత్రాన బిడ్డను కాదనకూడదని చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది. అంగన్‌వాడీ రికార్డులో ఉన్న తేదీని రాతపూర్వకంగా తీసుకుని మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు వెళ్లండి.

దరఖాస్తు, లాటరీ

వేసవికి ముందో, వేసవి మొదట్లోనో పాఠశాల విద్యాశాఖ వెబ్‌సైట్‌లో దరఖాస్తులు తెరుస్తారు. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే గ్రామ లేదా వార్డు సచివాలయంలో చేయించుకోవచ్చు. ఇంటికి కిలోమీటరు లోపలి బడులకు మొదటి ప్రాధాన్యం, ఆ తర్వాత మూడు కిలోమీటర్ల లోపలివాటికి. కాబట్టి పేరున్న దూరపు బడి ఒక్కటే పెట్టి కూర్చోవద్దు, దగ్గరివన్నీ పెట్టండి. రోజూ పనిమీద బయటికెళ్లే ఇంట్లో, ఐదేళ్ల బిడ్డను నడిపించుకుని వెళ్లగలిగే బడి దొరకడమే పెద్ద వరమని నా అభిప్రాయం. ఫోన్ నంబరు మీదే ఇవ్వండి, ఇంటర్నెట్ సెంటర్ వాళ్లది వద్దు. ఎంపిక ఆన్‌లైన్ లాటరీలో జరుగుతుంది.

సీటు వచ్చాక

చెప్పిన గడువులోగా ఒరిజినల్స్, జిరాక్సులు పట్టుకుని బడికి వెళ్లండి. "తర్వాత రండి" అంటే ఊరికే తిరిగి రాకండి. వచ్చిన సంగతి ఒక అర్జీలో రాసి ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. బిడ్డకు పరీక్ష గానీ, బిడ్డకో మీకో ఇంటర్వ్యూ గానీ పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000, ఆపైన ప్రతిసారీ 50,000 రూపాయల దాకా జరిమానా. డొనేషన్ అడిగితే అడిగిన దానికి పదిరెట్ల దాకా.

పుస్తకాలు, యూనిఫాం, వ్యాను ఖర్చుల సంగతి మొదటిరోజే అడగండి. ఏం ఇస్తారో, ఏది మీరు కట్టాలో కాగితం మీద రాయించుకోండి. ఈ లెక్క తేలకే మధ్యలో మానేసే పిల్లలుంటారు, అది చూస్తే గుండె తరుక్కుపోతుంది. ఉచిత సీటు పిల్లల్ని వేరే సెక్షన్‌లో, వేరే వేళల్లో కూర్చోబెట్టడం నిబంధనలకు విరుద్ధం. సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే ఎవరి పక్కన కూర్చున్నావు, ఆటలకు పిలిచారా అని అడుగుతూ ఉండండి.

ఎక్కడైనా అడ్డొస్తే ముందు ఎంఈఓకు, తర్వాత జిల్లా విద్యాధికారి (డీఈఓ)కి అర్జీ పెట్టండి. సోమవారాల్లో కలెక్టరేట్‌లోనూ ఇవ్వొచ్చు. రాతపూర్వక ఫిర్యాదును స్థానిక అధికారులు మూడు నెలల్లో తేల్చాలని 32వ సెక్షన్ అంటోంది. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఈ సీటు ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉంటుంది. తొమ్మిది నుంచి ఫీజు మీ మీద పడుతుంది కాబట్టి, ఏడో తరగతిలో ఉండగానే దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూల్ చూసి రండి, ఈ బడిలోనే రాయితీ ఇస్తారేమో కూడా అడగండి.