కాలు మార్చి కాలు కుంటే గుర్రం: నాల్ (లాడం) కన్నా ముందు దాణా తొట్టి చూడండి

పెండ్లిళ్ల సీజన్ వచ్చిందంటే వరంగల్, హనుమకొండ, కరీంనగర్ దిక్కు బరాత్ గుర్రాలు పెంచేవాళ్లంతా ఒకటే అడుగుతారు: "గుర్రం కుంటుతోంది, నాల్ మార్చినా తగ్గుతలేదు, ఏం చేయాలె?" అప్పటికే నాల్ కొట్టే మనిషి మారి ఉంటాడు, రెండు మూడు నొప్పి సూదులు పడి ఉంటాయి. గుర్రం ఏం తింటోందో మాత్రం ఎవరూ చెప్పరు. అడిగితే "మంచిగనే పెడుతున్నం" అంటారు. నాకు కావాల్సింది ఆ మాట కాదు. తొట్టిలో ఏముందో, ఎన్ని కిలోలో చెప్పండి.

ముందు ఏ కాలో తేల్చండి

ఎప్పుడూ అదే కాలు కుంటుతూ, ఆ గిట్ట వేడిగా ఉంటే అది మేకు గుచ్చుకోవడమో, లోపల చీము పట్టడమో అయి ఉంటుంది. నాల్ తీయించి చూడండి. ముందు కాళ్ల గిట్టలు రెండూ కాలిపోతూ, గుర్రం బరువంతా వెనక్కి వేసి నిలబడితే అదే రోజు డాక్టర్‌ను పిలవాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఈ రోజు ముందు ఎడమ కాలు, నాలుగు రోజులకు వెనక కుడి కాలు కుంటితే సంగతి వేరు. అడుగు పొట్టిగా వేస్తుంది, పడుకుంటే లేవడానికి కష్టపడుతుంది, గట్టి మేత నమిలి సగంలో వదిలేస్తుంది, తింటున్నా చిక్కిపోతుంది. ఇన్ని కలిసి కనబడితే గిట్టల్ని వదిలేయండి. ముఖం మీద చెయ్యి పెట్టండి. కంటి కింద నుంచి ముక్కు వైపు దిగే ఎముకను రెండు వైపులా తడమండి, కింది దవడనూ తడమండి. రెండు పక్కలా సమానంగా, గట్టిగా ఉబ్బితే ఎముకలు కరుగుతున్నట్టే. ఉబ్బు లేదని నిశ్చింతగా ఉండొద్దు, కుంటు ముందే మొదలై ఉబ్బు ఆలస్యంగా రావచ్చు.

దొంగ కారణం: తవుడు, నేపియర్

కాలువ నీళ్లు వచ్చి మన దగ్గర ఎటు చూసినా వరే. జొన్న చొప్ప దొరకడం తగ్గింది, మేపే బీడూ తగ్గింది. దాంతో చాలా తబేలాల్లో గుర్రానికి దక్కేది వరిగడ్డి, మిల్లు తవుడు, పాల గేదెల కోసం వేసిన సూపర్ నేపియర్ గడ్డి. మూడూ చవక, మూడూ దగ్గర్లోనే దొరుకుతాయి. గుర్రాన్ని కుంటివాణ్ణి చేసేది సరిగ్గా ఈ కలయికే.

గుర్రం తినే మొత్తం మేతలో ఫాస్ఫరస్ కన్నా క్యాల్షియం ఎక్కువ ఉండాలి. ఒకటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులుంటే మంచిది. తవుడులో లెక్క తిరగబడి ఉంటుంది: కిలోకు ఫాస్ఫరస్ సుమారు 15 గ్రాములు, క్యాల్షియం ఒక గ్రాము అటూ ఇటూ. గోధుమ పొట్టు కూడా ఇంచుమించు ఆ దారిదే. ఇక నేపియర్‌లో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ, అది ఉన్న కాస్త క్యాల్షియాన్నీ పట్టేసుకుని పేడలో బయటికి పంపిస్తుంది. ఒక గ్రాము ఆక్సలేట్ దాదాపు అర గ్రాము క్యాల్షియాన్ని కట్టేస్తుంది. "గేదెలు తింటలేవా?" అంటారు. గేదెకు నెమరు కడుపు ఉంది, అందులోని సూక్ష్మజీవులు ఆక్సలేట్‌ను ముందే విరగ్గొడతాయి. గుర్రానికి అది లేదు. మెట్ట బీళ్లలో వేసే అంజన్ గడ్డిలోనూ ఆక్సలేట్ ఉంటుంది కాబట్టి అదొక్కటే మేపినా ఇదే ముప్పు.

ఇది నెలల తరబడి చాప కింద నీరులా సాగుతుంది. మేత మార్చిన చాలా రోజులకు కుంటు బయటపడుతుంది కాబట్టి ఎవరికీ మేత మీద అనుమానం రాదు. పైగా రక్త పరీక్ష చేయిస్తే క్యాల్షియం మామూలుగానే ఉందని వస్తుంది. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి క్యాల్షియం లాగి మరీ రక్తంలో లెక్క సరిచేస్తుంది. రిపోర్టు బాగుందని సంబరపడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, అవతల ఎముక గుల్లవుతూనే ఉంటుంది. ఎక్స్‌రేలో కూడా ఎముక మూడోవంతు దాకా పోతే తప్ప తేడా కనబడదు. వరంగల్ దగ్గరి మామునూరు వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్తే ఏమేం మేపుతున్నారో రాసుకుని వెళ్లండి. రక్తం రిపోర్టు కన్నా ఆ కాగితమే ఎక్కువ చెబుతుంది.

పరిష్కారం

తవుడు ఆపేయండి, కానీ వారం పది రోజుల్లో మెల్లమెల్లగా. ఒక్కసారి మారిస్తే కడుపునొప్పి తెచ్చుకున్నట్టే. దాని జాగాలో ఉలవలో శనగలో పెట్టండి. ఉలవల్లో క్యాల్షియం, ఫాస్ఫరస్ దాదాపు సమానం, వాటి మీద నేరం మోపకండి. నేపియర్ తగ్గించి, లూసర్న్ గానీ బాగా ఎండిన పల్లి తీగ గానీ కలపండి, పప్పుజాతి మేతల్లో క్యాల్షియం దండిగా ఉంటుంది. పల్లి తీగకు బూజు వాసన వస్తే పారేయండి. జొన్న చొప్ప దొరికితే ముదిరి ఎండినదే పెట్టాలి, వానలు లేక గిడసబారిన పచ్చి జొన్న విషం.

తవుడు పూర్తిగా మానలేకపోతే కిలోకు 50 నుంచి 60 గ్రాముల మేత రకం సున్నపురాయి పొడి కలపండి. నేపియర్ కూడా పెడుతుంటే ఇంకా కావాలి, ఎంతో డాక్టర్‌తో లెక్క వేయించుకోండి. పొడిగా చల్లితే గుర్రం ఊదేసి వదిలేస్తుంది, దాణా తడిపి కలపాలి. పాన్ సున్నం, గోడకు వేసే సున్నం వద్దే వద్దు, నోరు పుండవుతుంది. పాడి పశువులకు పెట్టే డీసీపీ (డైక్యాల్షియం ఫాస్ఫేట్) పొడి మీదే ఆధారపడొద్దు, అందులో ఫాస్ఫరస్ కూడా ఉంటుంది.

సున్నపురాయి పొడి కోళ్ల దాణా దుకాణాల్లో దొరుకుతుంది. పొడి ఒక్కటే తీసుకోండి. కోళ్ల దాణా గానీ, దాని సంచుల్లో మిగిలిన తౌడు గానీ గుర్రానికి పెట్టకండి. కోళ్లకు రక్త పారుడు రాకుండా కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కొంచెం పోయినా గుర్రం గుండె ఆగిపోతుంది.

అన్నిటికన్నా కష్టం విశ్రాంతి. గుల్లబారిన ఎముక మీద పెండ్లికొడుకును ఎక్కించి డప్పుల ముందు ఆడిస్తే కాలు విరుగుతుంది. మేత సరిచేస్తే నెల, నెలన్నరలో నడక తేలికవుతుంది. అంతమాత్రాన బరాత్‌కు పంపకండి. ఎముక గట్టిపడటానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. ముఖం ఉబ్బు పూర్తిగా పోకపోవచ్చు, దాని కోసం మందులు మార్చకండి.

మిగతావి

ఒక పక్కే ఉబ్బి ఆ ముక్కులోంచి కంపు కొడితే పన్ను వేరు చెడింది. జూలు, తోక వెంట్రుకలు రాలుతుంటే సుబాబుల్ ఆకు ఆపండి. కుంటు లేకుండా చిక్కిపోతే పళ్ల అంచులు, నట్టల మందు చూడండి. ముక్కులోంచి చీము కారుతూ ఒంటి మీద గడ్డలు పగులుతుంటే గ్లాండర్స్ అనే అంటురోగం కావచ్చు. అది మనుషులకూ అంటుతుంది, చేత్తో ముట్టకుండా, గుర్రాన్ని వేరుగా కట్టేసి వెంటనే పశువైద్యాధికారికి చెప్పండి.