చెక్క స్టాండు దీపానికి వైరు బిగించే ముందు జాగ్రత్తలు

విజయవాడ వంటి చోట ఇంట్లోనే స్టాండు దీపం చేసుకునేవారు ముందుగా చెక్క పూర్తిగా ఆరిందో లేదో చూసుకోవాలి. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది కనుక వార్నిషు పైకి ఆరినట్టు కనిపించినా వైరు కోసం వేసిన రంధ్రం లోపల పచ్చిగానే ఉండవచ్చు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెక్క చేతికి దొరికినా దీపం అడుగుకు అది పనికిరాదు. అది మరీ తేలిక. పిల్లల చెయ్యి తగిలితే దీపం ఒరిగిపోతుంది.

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల కరెంటు కాబట్టి, పని ముగిసేదాకా ప్లగ్గును సాకెట్టుకు దూరంగానే ఉంచాలి.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసినది వైరు దూరే రంధ్రం మీద. దాని అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్ది, వైరు బయటికి వచ్చే చోట రబ్బరు బుష్ (వైరు అంచుకు ఒరుసుకోకుండా ఆపే రబ్బరు ఉంగరం) వేసి, ఎవరైనా వైరును లాగినా ఆ బలం హోల్డరు స్క్రూల మీద పడకుండా లోపల క్లిప్పుతో బిగించాలి. చెక్క లోపల వైరుకు అతుకులు ఎంతమాత్రం ఉండకూడదు.

ఐఎస్ఐ గుర్తున్న మూడు తీగల వైరునే కొనండి. హోల్డరుగానీ గొట్టంగానీ లోహానిదైతే ఆకుపచ్చ ఎర్త్ తీగను దానికి బిగించి, రెండో కొసను ప్లగ్గులోని పెద్ద పిన్నుకు కలపాలి. స్విచ్ ఫేజు తీగ (కరెంటు వచ్చే తీగ) మీదే ఉండాలి. బల్బును తిప్పి బిగించే స్క్రూ హోల్డరైతే ఫేజును నడిమి కాంటాక్టుకే ఇవ్వాలి. చెక్క వేడెక్కకుండా 9 వాట్ల ఎల్ఈడీ బల్బు చాలు. ఏ తీగ ఎక్కడికో అనుమానముంటే, ప్లగ్గు పెట్టకముందే ఎలక్ట్రీషియనుకు చూపించండి.