రైల్ ప్రెషర్ సెన్సర్ మార్చే ముందు సున్నా చూడండి

పొద్దున్నే నాలుగైదు సార్లు సెల్ఫ్ కొడితే గానీ బండి స్టార్ట్ కాదు. అయ్యాక ఐడిల్‌లో వణుకుతుంది. సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే సగం దారిలో పికప్ పడిపోయి, చెక్ లైట్ వెలుగుతుంది. పక్కకు ఆపి తాళం తీసి మళ్ళీ వేస్తే కాసేపు ఏమీ జరగనట్టే నడుస్తుంది. కామన్ రైల్ డీజిల్ కారులో ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్‌ని నిలిపి ఇంజెక్టర్లకు పంచే గొట్టమే రైల్, అందులో ప్రెషర్ కొలిచేది రైల్ ప్రెషర్ సెన్సర్. అలాంటి కారు ఇలా చేస్తే చాలామంది స్కానర్ (కారు కంప్యూటర్‌లోని కోడ్‌లు, అంకెలు చూపే పరికరం) పెట్టడం, పి0190 నుంచి పి0193 దాకా ఈ సెన్సర్ గురించిన ఏదో ఒక కోడ్ చూడటం, సెన్సర్ కొనడానికి ఆటోనగర్ పరిగెత్తడం. ఈ తొందరలో రెండు నిమిషాల పని వదిలేస్తున్నారు.

ఆ పని ఇది. ఇంజిన్ ఆపి కనీసం పది నిమిషాలు ఆగండి. స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి స్కానర్‌లో రైల్ ప్రెషర్ చూడండి. ఇంజిన్ తిరగడం లేదు, రైల్లో ప్రెషర్ లేదు, కాబట్టి అంకె సున్నా దగ్గర ఉండాలి. ఐదో పదో బార్లు (బార్ అంటే ప్రెషర్ కొలత) అటూ ఇటూ ఉంటే పట్టించుకోనక్కరలేదు. వంద దాటి చూపిస్తే సెన్సర్ గానీ దాని వైరింగ్ గానీ అబద్ధం చెబుతోందన్నమాట. ఈ ఒక్క అంకె చూడకుండా సెన్సర్ మార్చకండి.

కోడ్ పి0087 అయితే దారి వేరు. అది రైల్లో ప్రెషర్ తక్కువైందని చెబుతోంది. చాలాసార్లు అది నిజమే, సెన్సర్ తప్పు ఉండదు. ముందు డీజిల్ ఫిల్టర్ చూడండి, అడుగున చేరిన నీళ్ళు వదిలేయండి.

ఇక సున్నా తప్పుగా వచ్చిందనుకుందాం. సెన్సర్‌కి సాధారణంగా మూడు వైర్లు: 5 వోల్టులు, ఎర్త్, సిగ్నల్. ప్రెషర్ లేనప్పుడు సిగ్నల్ దాదాపు అర వోల్టు ఉండాలి, ప్రెషర్ పెరిగేకొద్దీ 4.5 వైపు వెళ్తుంది. కప్లర్ (వైర్లను సెన్సర్‌కి కలిపే ప్లగ్గు) తీసి 5 వోల్టులు వస్తున్నాయో లేదో చూడటం అందరూ చేస్తారు. ఎర్త్‌ని మాత్రం, కనెక్షన్ ఉందని మల్టీమీటర్ బీప్ కొట్టగానే వదిలేస్తారు. నేను దెబ్బతిన్నది అక్కడే.

సాగర్‌నగర్‌లో సముద్రం ఎదురుగా, ఎప్పుడూ ఆరుబయటే నిలబెట్టే ఒక కారు. సున్నా చూడాల్సిన చోట 120 బార్ చూపించింది. సెన్సర్ పోయిందనుకుని కొత్తది వేశాను, సున్నా వచ్చింది, పంపించేశాను. మూడు వారాలకు అదే జబ్బుతో వెనక్కి వచ్చింది. రెండో సెన్సర్ వేశాను, అదీ అంతే. మూడోసారి కప్లర్ రబ్బరు సీల్ పక్కకు తీసి టార్చ్ వేసి చూస్తే, ఎర్త్ పిన్ను చుట్టూ పచ్చగా చిలుము. కప్లర్ తీసి పెట్టిన ప్రతిసారీ పిన్ను రాపిడికి చిలుము కొంచెం చెదిరి కనెక్షన్ దొరికేది. బాగైంది కొత్త సెన్సర్ వల్ల అనుకున్నాను, నిజానికి ఆ రాపిడి వల్ల. ఆ ఇంటాయన రెండు సెన్సర్ల డబ్బు ఊరికే పోగొట్టుకున్నారు. ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

ఇది ఎందుకు దొరకదంటే, ఎర్త్‌లో ఇరవై ఓమ్‌ల అడ్డు ఉన్నా చాలా మీటర్లు బీప్ కొడతాయి. కానీ సెన్సర్ కరెంటు ఆ అడ్డు మీదుగా వెళ్ళేసరికి ఎర్త్ పిన్ను దగ్గర 0.3 వోల్టు నిలుస్తుంది, సిగ్నల్ కూడా ఆ మేరకు పైకి జరుగుతుంది. ఈసీఎమ్ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ప్రెషర్ ఎక్కువుందని నమ్మి డీజిల్ తగ్గిస్తుంది. అసలు ప్రెషర్ పడిపోతుంది, పొద్దున్న స్టార్ట్ కాదు. ఇంజిన్ నడుస్తుండగా స్కానర్ చూస్తే మాత్రం కావలసిన ప్రెషర్, ఉన్న ప్రెషర్ రెండూ సరిపోయి కనబడతాయి, ఎందుకంటే ఈసీఎమ్ ఆ తప్పు అంకెనే సరిచేస్తూ పోతోంది. అందుకే ఇంజిన్ ఆపి సున్నా చూడమని ఇంతగా చెబుతున్నాను.

సరైన పరీక్ష: కప్లర్ పెట్టే ఉంచి, వెనకనుంచి సన్నటి పిన్నుతో ఎర్త్ వైర్ అందుకోండి. మీటర్ రెండో కాలు బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి వోల్టులు చూడండి. తాళం ఆన్‌లో 0.1 కంటే తక్కువ ఉండాలి. వైర్ కదుపుతూ చూడండి. ఎక్కువ వస్తే పిన్నుని కాంటాక్ట్ క్లీనర్‌తో కడగండి, గరుకు కాగితంతో రుద్దకండి, పైపూత పోతే చిలుము ఇంకా తొందరగా పడుతుంది. పిన్ను గుంటలు పడి ఉంటే కప్లర్ ముక్క కొత్తది క్రింప్ చేసి (వైర్ మీద నొక్కి బిగించి), హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే తొడుగు) వేయండి. రబ్బరు సీల్ చీలితే తప్పకుండా మార్చండి. మన విశాఖ ఉప్పుగాలికి ఆ సీలే రక్షణ. ఇంజిన్ మీద ప్రెషర్ గన్‌తో వాటర్ సర్వీసింగ్ చేయించే అలవాటుంటే మానేయండి.

5 వోల్టులే రాకపోతే అదే లైన్ మీదున్న మరో సెన్సర్ లాగేస్తుండవచ్చు, ఒక్కొక్కటీ పీకి చూడండి. ఈసీఎమ్ పోవడం చాలా అరుదు, అన్నీ చూశాకే ఆ మాట ఎత్తండి.

వైరింగ్ అంతా బాగున్నా సున్నా తప్పుగానే ఉంటే, అప్పుడు సెన్సర్ మార్చండి. పార్ట్ నంబర్ సరిచూసుకోండి. చూడటానికి ఒకేలా ఉండి మర కూడా సరిపోయే సెన్సర్లలో ఒకటి 1,500 బార్‌ది, ఇంకొకటి 1,800ది ఉంటాయి, తప్పుది వేస్తే కొత్తదైనా తప్పే చెబుతుంది. ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ గానీ పైపులు గానీ ముట్టుకోవద్దు, ఆ డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. చుట్టూ దుమ్ము ఊది తుడిచాకే విప్పండి. సీలింగ్ లోహం మీద లోహం కాబట్టి టేపు, పేస్టు వద్దు. టార్క్ రెంచ్‌తో ఆ కారు మాన్యువల్ చెప్పినంతే బిగించండి. స్టార్ట్ చేశాక లీకు ఉందేమో అట్టముక్క పెట్టి చూడండి, చెయ్యి పెట్టకండి.

మళ్ళీ సున్నా చూసి, ఘాట్ మీద ఒకసారి తిప్పి, బండిని రాత్రంతా బయట ఉంచండి. పొద్దున్న చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటేనే తాళాలు ఇవ్వండి.