స్విమ్‌సూట్‌పై నిహారికను అచ్చు వేయించుకోవడం ఎలా?

నిహారికలు (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలు), నక్షత్ర మండలాలు అచ్చు వేసిన ఆడవారి స్విమ్‌సూట్లు దుకాణాల్లో దొరుకుతూనే ఉన్నా, నచ్చిన ఆకాశాన్ని సొంత కొలతలకు అచ్చు వేయించి కుట్టించుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. మోకాళ్ల వరకూ, నిండు చేతులతో కుట్టించుకునే వారికైతే బొమ్మకు చోటు మరింత దొరుకుతుంది.

ముందు బట్ట సంగతి చూడాలి. సబ్లిమేషన్ పద్ధతిలో, కాగితంపై ముద్రించిన రంగు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడికి ఆవిరై పాలిస్టర్ పోగుల్లోకి ఇంకుతుంది కాబట్టి, 80 శాతం పాలిస్టర్, 20 శాతం స్పాండెక్స్ (బాగా సాగే పోగు) కలిసిన తెల్లని బట్టను అడగాలి. నూలు బట్టపై ఈ రంగు నిలవదు. పైగా రంగు ఒక వైపునే పట్టడం వల్ల, బట్ట సాగినప్పుడు నల్లని ఆకాశంలోంచి తెల్ల పోగులు బయటపడతాయి. అందుకే ముందుగా జానెడు ముక్కపై నలుపు అచ్చు వేయించి, రెండు చేతులతో లాగి చూసుకోవడం మంచిది.

బొమ్మకు నాసా విడుదల చేసిన చిత్రాలు చక్కగా సరిపోతాయి. వాటికి సాధారణంగా కాపీరైట్ ఉండదు, అయితే సంస్థ చిహ్నాన్ని మాత్రం అనుమతి లేకుండా వేయకూడదు. 60 × 80 సెంటీమీటర్ల భాగానికి, అంగుళానికి 150 చుక్కల చొప్పున, సుమారు 3,500 × 4,700 పిక్సెళ్ల చిత్రం కావాలి. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు 1995లో తీసిన ఈగిల్ నిహారికలోని ధూళి స్తంభాలు నిలువుగా ఉండడం వల్ల ఒంటికి బాగా అమరుతాయని నా అభిప్రాయం. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూపిన కరీనా నిహారిక అందమైనదే గానీ, అడ్డంగా పరుచుకున్నది కావడంతో సన్నని నడుము భాగంలో దాని ముక్క మాత్రమే మిగులుతుంది.

తొడుక్కున్నప్పుడు బట్ట అడ్డంగా సాగి గుండ్రని చుక్కలు కోడిగుడ్లలా కనిపిస్తాయి కాబట్టి, ఎంత సాగుతుందో కొలిచి, చిత్రం వెడల్పును ఆ మేరకు ముందే కుదించాలి. నిండు చంద్రుణ్ణి ఛాతీపై, తుంటిపై వేయించవద్దు. వీపు పై భాగంలోనైతే గుండ్రదనం చాలావరకు నిలుస్తుంది.

కాగితంపై బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి ముద్రించాలన్నది మరువకూడదు. నాకు మొదటిసారి అచ్చు వేసినవారు ఆ పని మరిచారు. వసిష్ఠుడి పక్కన అరుంధతి సన్నగా కనిపిస్తూనే ఉంది గానీ, సప్తర్షి మండలమంతా కుడి ఎడమలు తారుమారైంది. పిడి ఉన్న గిన్నెలా కనిపించే ఆ మండలంలో గిన్నె మూతి పైకి ఉన్నప్పుడు దాని పిడి ఎడమ వైపున ఉండాలి. మృగవ్యాధుడిని (ఒరాయన్ నక్షత్ర మండలాన్ని) నిలువుగా వేయిస్తే ఎర్రని ఆర్ద్ర నక్షత్రం చూసేవారికి ఎడమ వైపున ఉన్న భుజాన, పైన కనిపించాలి. కత్తెర పడకముందే ఈ గుర్తులు సరిచూసుకోవాలి.

కొలనులో దిగేముందు మంచి నీటితో తడుపుకుంటే బట్ట క్లోరిన్ నీటిని తక్కువ పీల్చుకుంటుంది. ఈత ముగిశాక వెంటనే జాడించి, మెలిపెట్టకుండా నొక్కి, నీడలో ఆరవేయాలి. ఇస్త్రీ పెట్టెను మాత్రం దగ్గరకు రానివ్వకూడదు, ఎందుకంటే ఎక్కువ వేడి తగిలితే రంగు మళ్లీ ఆవిరై పక్క బట్టకు అంటుకుంటుంది.